పెట్టె మూసేముందు తీసిన వీడియో

ఫిబ్రవరి 3

మైకు అమ్ముడుపోయింది. పాత సామాన్లు అమ్మే యాప్‌లో పెట్టిన మర్నాడే, అడిగిన ధరకే. బేరం కూడా ఆడలేదు. అందుకే మనసు కుదురుగా లేదు. ఇంత ఖరీదైన వస్తువును బేరమాడకుండా కొనేవాళ్ళు ఉంటారా?

కొన్నది ఒకమ్మాయి. పుస్తకాలు చదివి రికార్డు చేసే పనట. ఎందుకు అమ్మేస్తున్నారు సర్ అని అడిగింది. పని మానేశాను, ఇక వాడకం లేదు అని రాశాను. నిజమే కదా. నేనే మానేశాను. డబ్బింగ్ థియేటర్‌లో కొత్తగా బిగించిన స్పీకర్లు ఒట్టి దండగ. వాటిలో విని, నా మిక్సింగ్‌లో సన్నటి ఈల మిగిలిపోయిందని రెండుసార్లు వెనక్కి పంపారు. జుట్టు నెరిసేదాకా జనం మాటల్ని రికార్డు చేసినవాణ్ణి. అలాంటి చోట ఎందుకుండాలి?

బావమరిదికి ఫోన్ చేశాను. పాత కెమెరాలు, చేతిగడియారాలు ఇలాగే అమ్ముతుంటాడు వాడు.

"బావా, నేనొచ్చేదాకా పెట్టె ముట్టుకోకు. ఈ పనిలో వస్తువు కంటే సాక్ష్యం ముఖ్యం" అన్నాడు.

ఫిబ్రవరి 4

పొద్దున్నే దిగాడు. చంకలో అట్టపెట్టెలు, చేతిలో స్పాంజి, ముంజేతికి గాజుల్లా రెండు టేపు చుట్టలు. పెళ్ళికి కూడా ఇంత సరంజామాతో రాలేదు.

ముందు నాకు పాఠం చెప్పాడు. మాటలన్నీ యాప్‌లోనే మాట్లాడాలి, బయట ఎక్కడా మాట్లాడకూడదు. వస్తువు మీద నంబరు కనిపించేలా ఫొటో తియ్యాలి. మనకు మాత్రమే తెలిసే గుర్తు ఒకటి లోపల పెట్టాలి. అది పనిచేస్తున్నట్టు వీడియో తియ్యాలి. ఆ వీడియో ఆపకుండానే పెట్టెలో పెట్టి టేపు వెయ్యాలి. "మధ్యలో ఒక్క క్షణం ఆపావనుకో, అక్కడే మార్చేశావంటారు. నా గడియారం ఒకటి అట్లాగే పోయింది. మంచిది పంపిస్తే, విరిగింది తిప్పి పంపాడు మహానుభావుడు. ఏం చెప్పుకుంటాం?"

బీరువా అడుగు అరలోంచి మైకు తీశాను. చాలా రోజులుగా అక్కడే పడుంది. ఆ గోడకు అవతల స్నానాలగది. తలుపు తియ్యగానే కాస్త ముక్కిన వాసన వచ్చింది. మైకు మాత్రం చెక్కు చెదరలేదు. ఎంతమంది గొంతులు దీని ముందు నిలబడ్డాయో. పెళ్ళైన కొత్తలో దీన్ని కొన్నప్పుడు మొదట మా ఆవిడ గొంతే రికార్డు చేశాను. ఏం మాట్లాడాలో తెలియక, కరెంటు బిల్లు మీదున్న అక్షరాలు చదివింది.

ఫోను స్టాండుకు పెట్టి వీడియో మొదలుపెట్టాం. నంబరు, అడుగు మూత లోపలివైపు పెన్నుతో పెట్టిన చుక్క చూపించాను. కంప్యూటరుకు తగిలించి నాలుగు మాటలు మాట్లాడాను. తరువాత ఊరికే కాసేపు నిశ్శబ్దాన్ని రికార్డు చేశాను. మాట ఏ మైకులోనైనా బాగానే ఉంటుంది. మంచి మైకు గొప్పతనం నిశ్శబ్దంలో తెలుస్తుంది. ఆ మాటల్ని, నిశ్శబ్దాన్ని స్పీకర్లలో సౌండు పెంచి వినిపించాను. నిశ్శబ్దం కడిగిన గాజులా ఉంది. ఆ సమయానికి బావమరిది వరండాలో స్పాంజి కోస్తూ ఎవరితోనో ఫోన్లో వాదిస్తున్నాడు. వాడికి ఇలాంటివి చెప్పినా అర్థం కావు.

లోపలి పెట్టె, చుట్టూ స్పాంజి, బయటి పెట్టె. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడమన్నాడు. ఏ చప్పుడూ లేదు. పెట్టె మీద మైకు అని రాయబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఇక్కడ బంగారం ఉంది, రండి అని కూడా రాయి బావా."

ఫిబ్రవరి 5

కొరియర్ ఆఫీసులో పార్శిల్ ఇచ్చాను. బరువు తూయించి, ఆ చీటీ ఫొటో తీసుకున్నాను. పూర్తి విలువకు బీమా కట్టాను. సంతకం తీసుకునే ఇవ్వాలని రాయించాను. కౌంటర్లో కూర్చున్నమ్మాయి ఏదో అడిగింది. మూడుసార్లు అడిగించుకోవాల్సి వచ్చింది. అద్దం వెనకాల కూర్చుని నోట్లో నోట్లో గొణిగితే ఎవరికి అర్థమవుతుంది? వెనక నిలబడ్డవాడు ముందుకు వంగి, "పిన్ కోడ్ అడుగుతోంది" అని నా చెవిలో అరిచాడు. మర్యాద తెలియని మనిషి.

ఫిబ్రవరి 6

పార్శిల్ బయల్దేరింది.

ఇంకా దారిలోనే ఉంది.

వాషింగ్ మెషిన్ బీప్ చెడిపోయినట్టుంది. బట్టలు అయిపోయినా మోగడం లేదు. మధ్యాహ్నం దాకా తడిబట్టలు అందులోనే ఉన్నాయి. ఆవిడ వచ్చి చూసి, తీసి ఆరేసింది.

ఫిబ్రవరి 7

పొద్దున్నుంచి ఫోను చేతిలోనే ఉంది. పార్శిల్ ఏదో గోడౌన్‌లో ఆగింది. ఎందుకు ఆగింది? గోడౌన్‌లో విసిరేస్తారట. బావమరిది చెప్పాడు. వాడికి ధైర్యం చెప్పడం చేతకాదు.

హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరుగుతున్నాను. ఈ మధ్య కిటికీ దగ్గరికి పిట్టలు కూడా రావడం లేదు.

ఫిబ్రవరి 9

చేరింది. సంతకం కూడా ఉంది. హమ్మయ్య.

ఫిబ్రవరి 10

అనుకున్నంతా అయింది.

యాప్‌లో ఫిర్యాదు పెట్టింది ఆ అమ్మాయి. మైకులో చిటపట వస్తోందట. దూరంగా ఎవరో ప్లాస్టిక్ కవరు నలుపుతున్నట్టు ఉందట. మాట్లాడుతున్నప్పుడు తెలియడం లేదట, ఆగినప్పుడు వినిపిస్తోందట. యాప్ వాళ్ళు డబ్బు ఆపేశారు. ఇద్దరూ సాక్ష్యాలు పంపాలి.

బావమరిది ఫోన్లోనే నవ్వాడు. "చెప్పానా? లోపలి మంచి ముక్క తీసుకుని, చెడిపోయింది పెట్టి నీ మైకు తిప్పి పంపుతుంది. నీ దగ్గర వీడియో ఉంది. నిమ్మళంగా ఉండు."

నిమ్మళంగా ఎలా ఉంటాను?

ఫిబ్రవరి 11

బయట మాట్లాడొద్దన్నా మనసాగక ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. పార్శిల్ చీటీ మీద ఆమె ఫోన్ నంబరు ఉంది.

పుస్తకాలు చదివే మనిషి నోరు తెరిచి మాట్లాడాలి కదా. సగం మాటలు గాలికే పోతున్నాయి. "సర్, మీరు మంచి మనిషిలాగే ఉన్నారు, నేను అబద్ధం చెప్పడం లేదు" అన్నంతవరకు అర్థమైంది. ఆ తరువాత, "అమ్మ ఏమైనా ఉందేమో సర్" అంది.

"మీ అమ్మగారికీ దీనికీ ఏంటమ్మా సంబంధం?" అన్నాను.

మళ్ళీ అదే మాట, ఇంకాస్త గట్టిగా. మళ్ళీ నాకు అమ్మ అనే వినిపించింది. వాళ్ళమ్మను మధ్యలోకి లాగి జాలి పుట్టించాలని చూస్తోంది. "మా దగ్గర వీడియో ఉంది, అది పంపుతున్నాం" అని పెట్టేశాను. ఫోను మంచం మీదికి విసిరేశాను. కోపానికే.

ఫిబ్రవరి 12

వీడియో పంపేముందు ఒకసారి చూద్దామని హాల్లో టీవీకి కలిపి పెట్టాను. ఆవిడ తను పనిచేసే షాపుకు బయల్దేరుతూ జడ వేసుకుంటోంది. నంబరు కనిపించింది. నా మాటలు వినిపించాయి. తరువాత నిశ్శబ్దం వచ్చింది.

ఆవిడ చేతిలో దువ్వెన ఆగింది.

"ఏంటండీ ఆ చప్పుడు?"

"ఏ చప్పుడు?"

"అదిగో. చిటచిటమంటోంది."

"ఫోన్‌ది అయ్యుంటుంది. చవక ఫోను."

"ఫోన్‌దైతే మీరు మాట్లాడేటప్పుడు కూడా ఉండాలిగా?"

"నీకు తెలీదులే. ఇది నా పని."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. తలుపు వేసిందో లేదో కూడా తెలియలేదు. వెళ్ళి చూస్తే వేసే ఉంది.

వీడియో పంపేశాను. నంబరు ఫొటో, బరువు చీటీ, సంతకం, అన్నీ.

చవక ఫోను. అంతే.

ఫిబ్రవరి 13

సాయంత్రం మాటామాటా పెరిగింది. ఆవిడ కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. రోజూ మనుషుల ముక్కుల మీద ఫ్రేములు సరిచేసి సరిచేసి, ఎదుటివాడి ముఖం చూస్తే వాడి లెక్క తేల్చేస్తాననుకుంటుంది.

"మా షాపుకొచ్చే వాళ్ళలో కొందరుంటారు. పేపరు వాళ్ళు అక్షరాలు చిన్నగా అచ్చేస్తున్నారని తిడతారు. ఇంట్లో బల్బులు మంచివి కావంటారు. అద్దాలు పెట్టగానే ఏమంటారో తెలుసా? పేపరువాళ్ళు మారారంటారు" అంది.

"నా కళ్ళు బాగానే ఉన్నాయి."

"నేను కళ్ళ గురించి మాట్లాడడం లేదు."

"మరి దేని గురించి?"

ఆవిడ టీవీ రిమోట్ తీసుకుని సౌండు సగానికి తగ్గించింది. వార్తలు చదివేవాళ్ళు పెదాలు కదుపుతూ ఉండిపోయారు. నేను లేచి వరండాలోకి వెళ్ళాను. వీధిలో స్కూటర్లు పోతున్నాయి. స్కూటర్లు వినిపిస్తున్నాయి. శుభ్రంగా వినిపిస్తున్నాయి. నాకేమీ లేదు.

ఫిబ్రవరి 14

ఇంకా జవాబు రాలేదు.

ఫిబ్రవరి 15

జవాబు రాలేదు. బావమరిది రెండుసార్లు ఫోన్ చేశాడు. వాడి మాటా ఈ మధ్య సరిగా వినిపించడం లేదు. సిగ్నలు.

ఫిబ్రవరి 17

గెలిచాం.

నంబరు సరిపోయింది, లోపలి గుర్తు ఆమె పంపిన ఫొటోలో కూడా ఉంది, బరువు సరిపోయింది, వీడియో ఎక్కడా ఆగలేదు. అమ్మినవారి తప్పేమీ లేదు. డబ్బు వదిలేశారు. ఆ అమ్మాయి తప్పుడు ఫిర్యాదు పెట్టిందని ఆమె ఖాతా మీద ఆంక్షలు పెట్టారట. ఆ వాక్యం రెండుసార్లు చదివాను.

బావమరిది మిఠాయి పొట్లంతో వచ్చాడు. "చూశావా బావా? కోర్టులో కూడా ఇంత గట్టి కేసుండదు." ఒకటి నా నోట్లో కుక్కాడు. ఆవిడ తీసుకోలేదు. పళ్ళు నొప్పి అంది.

వాడు వెళ్ళాక ఒక సంగతి తట్టింది. లోపలి గుర్తు ఆ అమ్మాయి ఫొటోలోనూ ఉందంటే ఆమె లోపలి ముక్క మార్చలేదు. నేను పంపిందే ఆమె దగ్గర ఉంది. మరి అబద్ధమాడి ఆమెకు వచ్చేదేముంది? మైకు తిప్పి పంపితే డబ్బు వస్తుంది. అంతే కదా. డబ్బు వెనక్కి కావాలంటే నచ్చలేదనో, అవసరం తీరిపోయిందనో అనొచ్చు. చిటపట అని, అదీ ఆగినప్పుడే వస్తుందని, ప్లాస్టిక్ కవరు లాగా అని, ఇంత వివరంగా ఎవరైనా ఎందుకు కల్పిస్తారు?

కల్పిస్తారేమో. పుస్తకాలు చదివే మనిషి.

ఫిబ్రవరి 18

ఆవిడ షాపుకు వెళ్ళాక వీడియోలోని సౌండును కంప్యూటర్లోకి తీసుకున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ నిశ్శబ్దం ముక్క విన్నాను. ఏమీ లేదు. సౌండు పెంచాను. ఏమీ లేదు. పూర్తిగా పెంచాను. గాలి ఊదినట్టు ఏదో మందంగా ఉంది, అంతే.

అప్పుడు తెర మీద గీతలుగా తెప్పించాను. థియేటర్లో కుర్రకారు అలాగే చేసేవాళ్ళు. చెవి లేనివాళ్ళకు గీతలెందుకని వాళ్ళను వెక్కిరించేవాణ్ణి.

కింద అంతా మామూలే. పైన, సన్నటి శబ్దాలు ఉండే చోట, నిలువుగా గీతలు. ఒకటి, కాస్త ఆగి మూడు, మళ్ళీ ఒకటి. దువ్వెన పళ్ళలాగా. నేను మాట్లాడినంతసేపూ మాట వెనకాల దాక్కుని, మాట ఆగగానే బయటపడుతున్నాయి.

గీత దగ్గరికి వచ్చినప్పుడల్లా చెవి రిక్కించాను. గీత వచ్చింది. నాకేమీ వినిపించలేదు. వెనక్కి తిప్పాను. మళ్ళీ గీత వచ్చింది. కుడి చెవికి పెట్టి చూశాను. ఎడమ చెవికి పెట్టి చూశాను. కంటికి కనిపిస్తోంది, చెవికి లేదు.

ఎంతసేపు అలా కూర్చున్నానో. కుక్కర్ మాడిపోయింది. అది కూత పెట్టే ఉంటుంది.

ఫిబ్రవరి 19

ఏమీ రాయాలని లేదు.

ఫిబ్రవరి 20

థియేటర్ స్పీకర్లు కొత్తవి. మంచివే. ఆ బిగించినవాణ్ణి నేనే మెచ్చుకున్నాను అప్పట్లో.

ఫిబ్రవరి 21

ఊరుకుంటే ఏమవుతుంది? ఏమీ కాదు. కేసు మూసేశారు. ఆ అమ్మాయి నా ఇంటిదాకా రాదు. బావమరిది దృష్టిలో నేను గెలిచినవాణ్ణి. ఆవిడ ఏమీ అడగదు. అసలు ఆ చిటపట దారిలో వచ్చిందనుకోవచ్చు. గోడౌన్‌లో విసిరేశారనుకోవచ్చు.

వీడియో దారి కంటే ముందు తీసింది.

పొద్దున్నుంచి బూట్లు వేసుకుని విప్పి, వేసుకుని విప్పి. సాయంత్రం ఆవిడకు చెప్పాను, రేపు ఆ అమ్మాయి ఇంటికి వెళుతున్నానని. గొడవకు కాదని కూడా చెప్పాను.

"సామాన్లు తీసుకెళ్తున్నారా?" అంది. స్క్రూడ్రైవర్లు, స్పిరిట్ సీసా ఉండే సంచీ అప్పటికే తలుపు దగ్గర పెట్టి ఉంది. నేను పెట్టలేదు.

ఫిబ్రవరి 22

బస్సులో సగం రోజు. చిరునామా పార్శిల్ మీద రాసిందే. టైర్ల షాపు పైన మూడో అంతస్తు. మెట్ల నిండా రబ్బరు వాసన.

తలుపు గొలుసు తియ్యకుండానే సందులోంచి చూసింది. ముప్పై లోపు ఉంటుంది. నేనెవరో చెప్పగానే ముఖం మారిపోయింది. చేతిలోని ఫోను పైకెత్తింది. నన్ను వీడియో తీస్తోంది.

"కేసు మీరే గెలిచారు కదా సర్. ఇంకేం కావాలి?"

"తియ్యమ్మా, తీస్తూనే ఉండు. మైకు బాగుచేద్దామని వచ్చాను. నీ ఎదురుగానే విప్పుతాను."

"మైకులో ఏమీ లేదన్నారుగా?"

"ఉంది" అన్నాను.

గొలుసు తియ్యడానికి చాలాసేపు పట్టింది. పక్కింటావిణ్ణి పిలిచి తలుపు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టింది. మంచి పని చేసింది. నేనైనా అదే చేస్తాను.

ఒక్కటే గది. బట్టల బీరువా తలుపులు తెరిచి, లోపల బట్టల మధ్య మైకు నిలబెట్టుకుంది. రెండు వైపులా దుప్పట్లు వేలాడుతున్నాయి. అందులో తల దూర్చి చదువుతుందట. డబ్బుల్లేని చోట తెలివి బాగా పనిచేస్తుంది. ఆ దుప్పట్లు వేసిన పద్ధతి చూసి, పని తెలిసిన పిల్లే అనుకున్నాను.

బల్ల మీద తెల్లగుడ్డ పరిచి మైకు విప్పాను. ఆమె ఫోను పట్టుకుని పక్కనే నిలబడింది.

"ఫోన్లో మీ అమ్మగారి గురించి ఏదో అన్నావు. అప్పుడు విసుక్కున్నాను. ఆవిడ బాగున్నారా?"

"మా అమ్మ గురించా? నేనేమన్నాను?"

"అమ్మ ఏమైనా ఉందేమో అన్నావు."

కనుబొమలు ముడేసి ఆలోచించింది. తరువాత నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. "చెమ్మ, సర్. లోపల చెమ్మ ఏమైనా ఉందేమో అన్నాను."

ఆ ముఖం చూస్తూ విన్నాను కాబట్టి ఈసారి అందింది. లోపలి మూత తీశాను. లోపల సన్నటి రాగిముక్క మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. స్నానాలగది గోడ. మా బీరువా. ఇది ఎప్పుడో పట్టింది. నేను పంపకముందే.

ఆమెకు చూపించాను. ఫోను దగ్గరగా పెట్టి తీసుకుంది.

హెడ్‌ఫోన్స్ ఆమెనే పెట్టుకోమన్నాను. "చప్పుడు వస్తే చెయ్యెత్తు. పోతే దించు" అన్నాను. మీరు వినరా అని అడగలేదు, అడుగుతుందేమోనని నేను తల వంచుకున్నాను. చెయ్యెత్తింది. బ్రష్షును స్పిరిట్‌లో ముంచి తుడిచాను. చెయ్యి అలాగే ఉంది. అగ్గిపుల్ల చెక్కి దాంతో అంచులు గీకాను. చెయ్యి దిగింది, మళ్ళీ లేచింది. ఊపిరి కూడా తీయకుండా పనిచేశాను. ఎన్నేళ్ళైంది ఇలా పనిచేసి. వేళ్ళకు అంతా గుర్తుంది. అడుగున, కంటికి ఆనని చోట, ఇంకాస్త చిలుము. దాన్ని తుడిచి, తెచ్చుకున్న చిన్న ఫ్యానుతో ఆరబెట్టి, మూత బిగించాను. చెయ్యి నెమ్మదిగా దిగింది. ఈసారి లేవలేదు.

ఒక పేజీ చదవమన్నాను. బీరువాలో తల పెట్టి చదివింది. ఎవరో ఓడ దిగి ఊళ్ళోకి నడిచి వస్తున్న కథ. మరీ సన్నదీ కాదు, మరీ లావుదీ కాదు, మధ్యలో నిలిచే గొంతు. ఆగింది. మళ్ళీ చదివింది. బయటికి వచ్చి, "పోయింది" అంది. ముఖం వెలిగిపోతోంది. హెడ్‌ఫోన్స్ తీసి నాకిచ్చింది. "మీరు వినండి అంకుల్."

సర్ పోయి అంకుల్ వచ్చింది. ఆ మాట కోసమైనా పెట్టుకుని, బాగుంది అని తలూపితే సరిపోయేది. పెట్టుకున్నాను. నిశ్శబ్దం. ఇంతకుముందు కూడా ఇదే నిశ్శబ్దం.

తీసి బల్ల మీద పెట్టాను.

"నాకు వినపడదమ్మా. పోయిందో లేదో నువ్వే చెప్పాలి. నాకు ఆ చప్పుడు ఎప్పుడూ వినపడలేదు."

పక్కింటావిడ కుర్చీ కదిలించింది. ఆ అమ్మాయి ఫోను కిందికి దించింది, కట్టేసిందో లేదో తెలియదు.

"మరి వీడియోలో ఉందని మీకు తెలీదా?"

"పంపేటప్పుడు తెలీదు. మా ఆవిడ చెప్పింది. వినిపించుకోలేదు. తరువాత గీతల్లో చూశాను."

జాలిపడుతుందనుకున్నాను. పడలేదు. గొంతు గట్టిపడింది.

"నేను వాళ్ళకి రాశాను. ఆ వీడియోలోనే చప్పుడుంది, ఒక్కసారి వినండి అని. ఒక్కళ్ళూ వినలేదు. నంబరు సరిపోయిందన్నారు. నన్నే అబద్ధాలకోరన్నారు. నేను చదివిన పుస్తకం రెండుసార్లు వెనక్కొచ్చింది. ఇంక పని ఇవ్వం అన్నారు. మీరు వచ్చి బాగుచేశారు, థాంక్స్. కానీ పోయిన నా పేరు?"

రెండుసార్లు వెనక్కొచ్చింది. ఆ బాధ నాకు తెలుసని చెప్పబోయాను. అది ఆమెకెందుకు?

డబ్బు వెనక్కి ఇచ్చేస్తానన్నాను. వద్దంది. మైకు తనకు కావాలట, ఇంత మంచి మైకు మళ్ళీ దొరకదట. అయితే ఇంకొకటి చేస్తానని అక్కడే కూర్చుని యాప్ వాళ్ళకు రాశాను. కొన్నవారు చెప్పింది నిజం, లోపం మైకు నా దగ్గరున్నప్పటిదే, నాకు వినికిడి సరిగా లేక గుర్తించలేదు, ఆమె ఖాతా మీద పెట్టిన ఆంక్ష తీసెయ్యండి, అని. ఇప్పుడు తీసిన చిలుము ఫొటో జతచేశాను. ఆమెకు పని ఇచ్చేవాళ్ళకు కూడా అదే రాసి, కింద నా పేరు, నేను పనిచేసిన థియేటర్ల పేర్లు పెట్టాను. వినికిడి సరిగా లేక అనే మాట దగ్గర వేలు చాలాసేపు ఆగింది. ఆమె పక్కనుంచి చూస్తోంది. రాశాను.

"కాఫీ తాగుతారా అంకుల్?" అంది చివరికి. ముఖం నా వైపు తిప్పి అడిగింది.

ఫిబ్రవరి 23

ఆవిడతో చెప్పాను. పెద్దగా ఏమీ లేదు చెప్పడానికి. "కుడిది దాదాపు పోయింది. ఎడమది సగం అనుకుంటా" అన్నాను.

"తెలుసు" అంది.

"ఎప్పట్నుంచి?"

"నేను పిలిస్తే మీరు పలకడం మానేసి, కనిపిస్తే పలకడం మొదలుపెట్టినప్పట్నుంచి."

ఆవిడ ఎప్పుడూ నా ఎదురుగా వచ్చి నిలబడే మాట్లాడుతుంది. వంటింట్లో పని వదిలేసి, చేతులు తుడుచుకుని, హాల్లోకి వచ్చి మరీ. ఓపిక లేక నా మీద విసుగుతో అలా వస్తోందనుకునేవాణ్ణి.

బావమరిదికి కూడా చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. సిగ్నలు పోయిందేమోనని చూశాను. పోలేదు.

ఫిబ్రవరి 25

ఆ అమ్మాయి ఖాతా తెరిచారట. పని సంగతి ఇంకా తెలియదు. మొదటి అధ్యాయం మళ్ళీ చదివి పంపిందట.

ఫిబ్రవరి 27

చెవి పరీక్ష. ఆవిడ సెలవు పెట్టింది. బయట కూర్చుంది.

లోపల చిన్న గది, గోడలకు మెత్త, ఒక కుర్చీ, మధ్యలో అద్దం. నా జీవితమంతా ఇలాంటి గదుల్లోనే గడిచింది, కాకపోతే అద్దానికి అవతలివైపు. ఇటువైపు కూర్చున్నవాళ్ళకు వేలు చూపించి, మొదలుపెట్టండి అనేది నేను. ఇవాళ అవతల ఒక తెల్లకోటు కుర్రాడు కూర్చున్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టి, చేతిలో బటన్ ఇచ్చి, ఎంత సన్నగా వినిపించినా సరే నొక్కండి అన్నాడు.

మొదట లావు శబ్దాలు. నొక్కాను. నొక్కాను. తరువాత సన్నబడుతూ పైకి పోయాయి. ఆగిపోయాయి.

ఆగిపోలేదని అద్దంలోంచి తెలిసింది. శబ్దం వదిలిన ప్రతిసారీ అతని భుజం కొంచెం కదులుతోంది. నా కళ్ళకు అలవాటైన కదలిక. భుజం కదలగానే బటన్ నొక్కాను. అతను తలూపి ఏదో రాసుకున్నాడు. మళ్ళీ కదిలింది. మళ్ళీ నొక్కాను. బాగా వస్తోంది. ఇలాగే పోతే చివరిదాకా అన్నీ వినిపించినట్టే వస్తుంది. బయటికి వెళ్ళి, వయసుకు తగ్గట్టే ఉందన్నారని చెప్పొచ్చు.

చెయ్యెత్తి ఆపమన్నాను. మొదటినుంచి పెట్టమన్నాను.

కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాను. చాలాసేపు ఏమీ వినిపించలేదు. బటన్ మీద వేలు అలాగే ఉంది. నొక్కలేదు.